చిత్రము లేని సత్కారము

ఫ్రెంచివారి పేరు చెవిని బడినంతనే మన యుత్తరాంధ్రమున మొదట స్మరణకు వచ్చునది బుస్సీ ఫిరంగి. 1757 జనవరిలో ఆ ఫిరంగుల యెదుటనే బొబ్బిలికోట నేలగలిసెను. ఆ సంవత్సరము జూనులో విశాఖపట్టణమునందలి యాంగ్లేయుల కోటయు బుస్సీకి వశమయ్యెను. ఆ విజయములు కొలదికాలమునకే నీటిమీది వ్రాతలైనవి. ఉత్తర సర్కారులు ఒక తెల్లదొర చేతినుండి మఱియొక తెల్లదొర చేతికి మాఱినవి.

కాని, ఫ్రెంచివారు మనకు బంపిన సామగ్రి మఱియొకటి కలదు. దానికి మందుగుండు లేదు. దానికి వశమైన జనులు మాత్రము నేటికిని విడివడలేదు. 1895 డిసెంబరు 28న పారిసునగరమున లూమియేరు సోదరులు రుసుము పుచ్చుకొని ప్రజలకు జూపిన కదలుబొమ్మలు, 1896 జూలై 7న బొంబాయిలోని వాట్సన్ హోటలునందు ప్రదర్శింపబడినవి. 1910 ప్రాంతమున మచిలీపట్టణపు బిడ్డయగు రఘుపతి వెంకయ్య తన ఛాయాచిత్రశాలను తాకట్టువెట్టి చెన్నపట్టణమునకు దెప్పించెనని చెప్పబడు ‘క్రోనోమెగాఫోన్’ యంత్రము ఫ్రాన్సుదేశపు గోమోన్ సంస్థవారిదే. తెలుగు సినీమాకు బొడ్డుకోసిన కత్తి ఫ్రెంచికత్తి యనిన దప్పులేదు.

ఈ పాతబాకీ ఇప్పుడేల తడవవలెనని పాఠకులు మమ్మడుగవచ్చును. చిత్రములను దీయుట మనము నేర్చితిమి. ఇంచుమించుగ గురువులనే మించితిమి. తీసినవానిని దాచుట మాత్రము నేర్వలేదు. ఈ యొక్క లోపమువలన మన నటీమణుల కీర్తి గాలిలో బెట్టిన దీపమైనది. మేము నేడు విన్నవింపదలచినది ఇదియే.

సింహావలోకనమను మాట మన పండితులకు క్రొత్తది కాదు. నడచుచున్న సింహము నిలిచి, మెడ త్రిప్పి, తాను వచ్చిన త్రోవనంతయు నొకమాఱు పరికించునట. ఒక నటియెడల గౌరవము జూపవలెనన్నచో ఫ్రెంచివారు చేయు పని సరిగా నిట్టిదే. వారు ఆమె చిత్రములను మొదటిదానినుండి తుదిదానివఱకు వరుసగా గూర్చి, దినములకొలది, ఒక్కొకప్పుడు వారములకొలది ప్రదర్శింతురు. చూచువారు ఆ నటి బాల్యము, యౌవనము, ప్రౌఢత్వము, వార్ధక్యము నొక్క పరంపరగ జూతురు. ఏ చిత్రమున నామె తడబడెనో, ఎచ్చట తన గొంతును తాను కనుగొనెనో, ఎచ్చట దర్శకుని మించి నిలిచెనో వారికి బోధపడును. శాలువా కప్పుటకు అయిదు నిమిషములు చాలును. సింహావలోకనమునకు మాత్రము ఆమె జన్మమంతయు చేతనుండవలెను.

ఝాన్ మొరో యను నటి నుదాహరింతము. ఈమె 1928లో పారిసున జన్మించినది. తండ్రి ఫ్రెంచివాడు, తల్లి ఆంగ్లేయ నర్తకి. మొదట నాటకరంగమున పేరొంది పిమ్మట తెరకు వచ్చినది. 1958లో లూయీ మాల్ దర్శకత్వమున వెలువడిన చిత్రములో, రాత్రివేళ పారిసు వీథులవెంట నామె ఒంటరిగా నడచు ఘట్టమున్నది. ఆ నడకను దుకాణముల యద్దపుగదులనుండి పడు వెలుతురునందే చిత్రించిరి. ముఖముపై పూతలేదు, ప్రత్యేక దీపము లేదు. ముప్పదియేండ్ల స్త్రీ ముఖమున నెట్టి యలసట, ఎట్టి నిరీక్షణ యుండునో యదియే యున్నది. 1962లో త్రూఫో తీసిన ‘జూల్ ఏ జిమ్’ ఆమెను లోకప్రసిద్ధను గావించెను. ఆమె స్వయముగ దర్శకత్వమును నిర్వహించినది. 2000లో ఫ్రాన్సుదేశపు లలితకళా పరిషత్తునకు ఎన్నికైన మొదటి స్త్రీ యైనది. 2012లో, ఎనుబదినాలుగేండ్ల ప్రాయమునను, ఒక వృద్ధురాలి పాత్రను ధరించి తెరపై నిలిచినది. 2017లో గతించినది. అప్పటికి ఆమె పని యరువదియైదేండ్లకు బైగా విస్తరించియుండెను. ఆ పనినంతయు నొకచోట గూర్చి చూచుటకు ఫ్రాన్సున నేడును వీలున్నది. ఈ వీలే ఆమెకు వారిచ్చిన బిరుదులలోనెల్ల గొప్పది.

మన దేశమును పరదేశ నటుల నాదరింపకపోలేదు. 2019లో గోవాయందు జరిగిన యేబదియవ అంతర్జాతీయ చలనచిత్రోత్సవమున ఇజబెల్ ఉప్పెర్ అను ఫ్రెంచినటికి జీవితసాఫల్య పురస్కారము నొసగిరి. మాకు సంతోషమే. అతిథిపూజ మన ధర్మము. అయితే, పొరుగింటి ముత్తైదువకు పసుపుకుంకుమ లిచ్చి పంపిన యిల్లాలు, తన యింటి పెద్దమ్మ పటమెచ్చటనున్నదో తెలియక వెదకుకొనిన నేమందుము?

ఫ్రెంచివారు పుట్టుకతోనే జాగ్రత్తపరులని యెవ్వరును భ్రమింపరాదు. వారు చేసిన పాపము సామాన్యమైనది కాదు. చలనచిత్రమున మాయాజాలమునకు ఆదిపురుషుడైన జార్జి మెలియే ఐదువందలకు పైగా చిత్రములను దీసెను. మొదటి ప్రపంచయుద్ధకాలమున ఆయన చిత్రముల ప్రతులనేకములు కరగింపబడి సైనికుల పాదరక్షల మడమలకు వినియోగపడెను. 1923లో అప్పులపాలై, దాచుకొన తావులేక, నిరాశ పట్టజాలక మెలియే తన మూలప్రతులను తన చేతులతోడనే తగులబెట్టుకొనెను. ఒక జాతి తన కళాప్రపూర్ణునిచేత నట్టి పని చేయించుటకంటె తల వంచుకొనదగిన సంగతి లేదు.

ఆ యవమానమునుండియే వారికి బుద్ధి పుట్టినది. 1936లో ఆన్రీ లాంగ్లవా యను ఇరువదియొక్క యేండ్ల యువకుడు, మిత్రులతో గూడి ‘సినిమాతెక్ ఫ్రాన్సేజ్’ అను చిత్రభాండాగారమును స్థాపించెను. ఆతనికి ధనము లేదు, అధికారము లేదు. ఫిల్ముడబ్బాలకు తావులేక ఇంటిలోని స్నానపుతొట్టియందు పేర్చెనని ప్రసిద్ధి. జర్మనులు పారిసు నాక్రమించిన దినములలో ఆతడును, ఆతని మిత్రులును చిత్రములను శత్రువుల కంటబడనీయక దాచిరి. 1968 ఫిబ్రవరిలో ప్రభుత్వము లాంగ్లవాను పదవినుండి తొలగింపగా దర్శకులును, నటీనటులును, విద్యార్థులును వీథులకెక్కిరి. ఏప్రిలునాటికి ప్రభుత్వము దిగివచ్చెను. ఒక భాండాగారికునికై ప్రజలు రాజవీథిలో లాఠీదెబ్బలు తినిన దేశమది!

ఈ భాండాగార చరిత్రలో మా మనస్సును మిక్కిలి కదలించిన పేరు మఱియొకటి కలదు. 1915–16లో లూయీ ఫొయాద్ తీసిన ‘లే వాంపీర్’ అను పదిభాగముల మూకీచిత్రమున నల్లని యుడుపులతో నటించి, పారిసు నుఱ్ఱూతలూపిన తార ముసిదోరా. వయసు మళ్లిన పిమ్మట ఆమె ఏమి చేసెనో తెలియునా? లాంగ్లవాగారి భాండాగారమున చేరి, పాతచిత్రములకు సంబంధించిన కాగితములను, సమాచారమును సేకరించు పనియందు కుదిరెను. 1957లో మరణించువఱకు ఆమె బ్రతుకు ఆ భాండాగారముతో ముడివడియే యుండెను. తెర వదలిన నటి ఆ తెరకే కాపరియైనది. ఆమె నటించిన చిత్రము నూఱేండ్లు గడచినను నేటికిని ప్రదర్శింపబడుచున్నది.

ఇక మన యింటికి వత్తము.

తెలుగున మొదటి సంపూర్ణ టాకీచిత్రము ‘భక్తప్రహ్లాద’. హెచ్.ఎం. రెడ్డి దర్శకుడు. అందు లీలావతి పాత్రను ధరించిన సురభి కమలాబాయి తెలుగుతెరకు తొలినాయిక. ఆమె పుట్టినిల్లే రంగస్థలము. 1885లో కడపమండలమున సురభిగ్రామమునందు అంకురించిన సురభి నాటకసమాజమువారు, స్త్రీపాత్రలను పురుషులు ధరించు ఆ రోజులలో తమ యింటి యాడువారినే రంగమునకు దెచ్చిన ధీరులు. తల్లి నాటకమాడుచుండగనే కమలాబాయి పుట్టినదను కథ నేటికిని చెప్పుకొందురు. ఆమె ‘పాదుకాపట్టాభిషేకము’న సీత, ‘శకుంతల’యందు శకుంతల. ఇవి యన్నియు 1932లో వెలువడినవే. మాటాడు తెలుగు బొమ్మకు మొదటి స్త్రీకంఠము ఆమెది. గురువు లేని విద్య ఆమెది. ఆమెకు ముందు నడచిన జాడ లేదు.

ఆ కంఠము నేడెచ్చట వినబడును? ‘భక్తప్రహ్లాద’ చిత్రపు ప్రతి యొక్కటియు మిగులలేదు. తక్కిన రెండు చిత్రములను చూచితిమని చెప్పువారిని మేమెఱుగము. ప్రతి లేకపోవుటవలన గలిగిన యనర్థమింకొకటి కలదు. ఆ చిత్రము 1931 సెప్టెంబరు 15న విడుదలయయ్యెనని దశాబ్దములపాటు మనవారందఱును వ్రాసికొనుచు, ఆ దినముననే తెలుగు సినీమాకు జన్మదినోత్సవములు జరుపుచుండిరి. రెంటాల జయదేవగారను పత్రికారచయిత పాతపత్రికలను, సెన్సారు దాఖలాలను గాలించి, అది 1932 ఫిబ్రవరి 6న బొంబాయిలోని కృష్ణా సినీమాయందు విడుదలయయ్యెనని నిరూపించెను. ఎనుబదియేండ్లయినను నిండని సంగతియందే పుట్టినదినము తప్పిపోయిన జాతికి, ఇంక వేయేండ్లనాటి శాసనములనుగూర్చి గర్వించుట కేమి యధికారమున్నది?

కమలాబాయి ముఖమును నేటివారు చూడగలిగిన చిత్రమొకటి మిగిలినది. 1951నాటి ‘పాతాళభైరవి’యందు తోటరాముని తల్లి ఆమెయే. ఆ చిత్రము తెలుగునాట చూడనివారరుదు. కాని, కొడుకుకొఱకు కన్నీరు పెట్టుకొను ఆ ముసలితల్లియే తెలుగుతెర తొలినాయిక యని యెఱిగినవా రెందఱు? పందొమ్మిదేండ్ల నడుమ ఆ లీలావతి యీ తల్లిగా నెట్లు మాఱినది? ఆ గాత్రమెట్లు పక్వమైనది? రంగస్థలపు గట్టిపలుకు తెరపై నెట్లు మెత్తనైనది? సింహావలోకనమున తెలియవలసినవి ఇవియే. మనము మెడ త్రిప్పి చూచిన, వెనుక త్రోవ లేదు. తుదియడుగు గుర్తు మాత్రమున్నది.

కాంచనమాల సంగతి వేఱొక విధము. 1938లో గూడవల్లి రామబ్రహ్మముగారు అస్పృశ్యతాదోషమును ఖండించుచు తీసిన ‘మాలపిల్ల’యందు ఆమె నాయిక. చలముగారి కథ యది. మఱుచటియేట ‘వందేమాతరము’, 1942లో ‘బాలనాగమ్మ’. ఆనాటి తెలుగువారి యిండ్లలో ఆమె పటము క్యాలెండర్లమీద వ్రేలాడినది. పిమ్మట ఆమె మనస్సు చెదరినది. 1963లో ‘నర్తనశాల’యందొక చిన్నపాత్ర తప్ప తెరకు మరలలేదు. 1981లో కనుమూసినది. నేడామెనుగూర్చి వ్రాయువారు ఆమె కన్నులను వర్ణింతురు, కష్టములను చెప్పుకొందురు. ఆమె నటననుగూర్చి రెండు పుటలు వ్రాసినవారు మాకు కనబడలేదు. వ్రాయుటకు చూడవలెను గదా! పని కనుమఱుగైనచోట నింద గాని, జాలి గాని మిగులును. నటికి ఈ రెండును సత్కారములు కావు.

సావిత్రి కాలము వచ్చునప్పటికి మన యదృష్టము కొంత బాగుపడినది. 1953నాటి ‘దేవదాసు’, 1957నాటి ‘మాయాబజారు’ నిలిచినవి. 2010లో ‘మాయాబజారు’నకు రంగులు పూసి మరల విడుదల చేసిరి. 2018లో ఆమె జీవితమునే చిత్రముగ దీసిరి. సంతోషింపదగినదే. అయితే ఇందు గమనింపదగిన సూక్ష్మమొకటి కలదు. నేటికిని టిక్కెట్లు తెగునవి మాత్రమే మన దేశమున బ్రతుకుచున్నవి. అంగడి కాపాడునది అమ్ముడుపోవుదానినే. అమ్ముడుపోనిదానిని కాపాడుటకే గదా భాండాగారములు, గ్రంథాలయములు, ప్రభుత్వములు! 1953లో ‘చండీరాణి’ని మూడుభాషలలో తానే నడపి, స్త్రీ దర్శకత్వమునకు తెలుగున త్రోవదీసిన భానుమతిగారి శతజయంతి 2025లో వచ్చినది. ఆమె తొలిచిత్రమగు 1939నాటి ‘వరవిక్రయము’ మొదలు తుదిచిత్రము వఱకు వరుసగ జూడగోరు విశాఖవాసి, తన పట్టణమున పోయి యడుగదగిన తావెచ్చట?

విశాఖవాసి యడుగుటలో ప్రత్యేకమగు న్యాయము కలదు. ఈ పట్టణమునకు 1933లో నౌకాశ్రయము ప్రారంభమైనది. ఆ రేవు తెఱచిన యైదేండ్లలోపుననే ఇచ్చట ఆంధ్రా సినీటోన్ అను చిత్రనిర్మాణశాల వెలసినది. 1938లో అచ్చట ‘భక్తజయదేవ’ చిత్రము నిర్మింపబడెను. చెన్నపట్టణమునకో, బొంబాయికో, కలకత్తాకో పోక తెలుగుగడ్డమీదనే తెలుగుబొమ్మను దీయవలెనని ఆనాటివారు పూనిన పూనిక స్వదేశీవ్రతముకంటె తక్కువదికాదు. ఆ శాల నిలువలేదు. దాని జ్ఞాపకమైనను ఈ పురవీథులలో నొక్క శిలాఫలకముపై నున్నట్లు మాకు కనబడలేదు. 2014లో రాష్ట్రవిభజన జరిగినది మొదలు ‘విశాఖకు చిత్రపరిశ్రమ రావలెను’ అను మాట తఱచుగ వినబడుచున్నది. స్టూడియోలకు స్థలములడుగువారున్నారు, రాయితీలడుగువారున్నారు. తీసిన చిత్రములకు నొక గది యడిగినవారు లేరు.

ఫిల్ము ఎట్లు నశించునో మన పాఠకులు కొంత యెఱిగియుండుట మంచిది. 1950 ప్రాంతమువఱకు చిత్రముల ముద్రించినది సెల్యులోజ్ నైట్రేట్ అను పదార్థముపైన. అది తుపాకిదూదికి దాయాది. ఒకసారి యంటుకొనిన నీటిలో ముంచినను ఆరదు. ఎండవేడికి, తేమకు అది తనంతటతానే జిగురై, పొడియై పోవును. పిమ్మట వచ్చిన ఆసిటేట్ ఫిల్ము మండదు గాని పులియును. డబ్బా మూత తీసినంతనే పుల్లని ఘాటువాసన ముక్కును పొడిచిన, లోని బొమ్మకు ఆయువు తీఱుచున్నదని యర్థము. ప్రకృతి చేయు నీ నాశనమునకు తోడు మనుష్యుడు చేయునది వేఱు. బొమ్మను నిలుపు పూతలో వెండి యుండును. ఆడి పాతబడిన చిత్రమును కరగించి, ఆ వెండిని తూకమునకమ్ముకొన్నవారు దేశమంతటను గలరు. సీతయు, శకుంతలయు ఎన్ని తులములకు దూగిరో యెవ్వరికెఱుక!

1964లో పూనానగరమున జాతీయ చలనచిత్ర భాండాగారము నెలకొల్పబడినది. పి.కె. నాయర్ అను మహానుభావుడు 1991లో విరమించువఱకు దానికై బ్రతికెను. ఊరూరు దిరిగి, పాతసామానుల కొట్లలో వెదకి, నిర్మాతల గడపలు కాచి డబ్బాలను మోసికొనివచ్చెను. ఆయన చేతిచలువ వలననే ఫాల్కేగారి ‘రాజాహరిశ్చంద్ర’ తునుకలైనను మనకు దక్కినవి. అయినను మన మొదటి టాకీయగు 1931నాటి ‘ఆలం ఆరా’ ఆయనకును దొరకలేదు. 2003 జనవరిలో పూనాయందు చెలరేగిన యగ్నిప్రమాదమున అనేక నైట్రేట్ ప్రతులు దగ్ధమైనవి. ఒక్కచోటనే సమస్తము దాచుటలోని యపాయమునకు ఇంతకంటె నిదర్శనము వలదు.

ఇందులకు కొందఱు చెప్పు నాక్షేపణలను మేము విననివారము కాము.

‘సినీమా వినోదమాత్రము, దానిని దాచుటకింత గొడవయేల?’ అని పెద్దలు కొందఱందురు. పదకవితలనుగూర్చి, యక్షగానములనుగూర్చి, వేమన పద్యములనుగూర్చి సైతము ఒకనాడు పండితులట్లే యనిరి. సీ.పీ. బ్రౌను దొర తన జీతమునుండి పండితులను పోషించి, చెదలు తినుచున్న తాటియాకు ప్రతులను వ్రాయించి నిలుపకున్నచో, 1829లో వేమనను అచ్చువేయింపకున్నచో మన నష్టమెంతయై యుండెడిది! పరాయివాడు మన తాటియాకుల విలువ మనకు చెప్పవలసివచ్చినది. సెల్యులాయిడు విలువనైనను మనమే తెలిసికొందము. తాటియాకునకు మూడునాలుగు వందలేండ్ల యోపిక యుండెను. ఫిల్మునకు ఆ యోపిక లేదు.

‘ఇప్పుడన్నియు చేతిలోని ఫోనులోనే కనబడుచున్నవి గదా!’ అని యువకులందురు. కనబడునవి కనబడుచున్నవి, కనబడనివి లేవని వారి భ్రమ. అందున్న పాతచిత్రములలో ననేకము ఎవ్వరో టెలివిజనునుండి యెత్తినవి. రీళ్లు తెగినవి, అంచులు నఱికినవి, మసక కమ్మినవి. నటి కనుబొమల కదలికయే తెలియనిచోట నటన నెట్లు చూతుము? అదియునుగాక, నేడున్నది ఱేపు తీసివేయుదురు, అడుగుట కధికారమెవ్వరికి?

‘త్రాగుటకు నీరు, చదువుటకు బడి, చేయుటకు పని చాలని దేశమున నిది విలాసముగదా?’ అని లోకసేవకులందురు. ఈ మాట బరువైనది, దీనిని త్రోసివేయము. అయితే, మేమడుగునది మేడలు గావు. నక్షత్రశాలలవంటి సినీమాభవనములకు వ్యయమగుదానిలో సహస్రాంశము చాలును. మఱియు, పేదవాని కష్టమును పేదవాని భాషలో ‘మాలపిల్ల’యు, ‘రైతుబిడ్డ’యు తెరకెక్కించిన చరిత్ర పేదవానికి దక్కవలదా?

‘సముద్రతీరమున భాండాగారమా? ఉప్పుగాలి ఫిల్మును తినివేయదా?’ అని శాస్త్రజ్ఞులందురు. ఇది నిజము. అందుచేతనే మేము రెండు పనులను వేఱుపఱచుచున్నాము. మూలప్రతులను దాచు చల్లని, పొడియైన కొట్టు ఎచ్చట తగునో నిపుణులు నిర్ణయింతురుగాక. చూచుట, చదువుట, వెదకుట, జాబితా వ్రాయుట—ఇవి విశాఖయందు జరుగవచ్చును. వీనికి ఉప్పుగాలి యడ్డురాదు.

ఏమి చేయవలెనో క్లుప్తముగ మనవి చేయుదుము.

మొదటిది, జాబితా. 1921–22 ప్రాంతమున రఘుపతి వెంకయ్యగారి కుమారుడు ప్రకాశ్ తీసిన మూకీ ‘భీష్మప్రతిజ్ఞ’ మొదలు 1950 వఱకు తెలుగువారు తీసిన చిత్రములలో నేది మిగిలినది, ఎచ్చట నున్నది, ఏ స్థితియందున్నది—ఈ మూడు ప్రశ్నలకు సమాధానముగ నొక పట్టిక తయారుకావలెను. 1926లో స్థాపితమైన ఆంధ్రవిశ్వకళాపరిషత్తును, ద్వారకానగరునందలి పౌరగ్రంథాలయమును చేతులు గలిపిన ఇద్దఱు ముగ్గురు పరిశోధక విద్యార్థులతో నీ పని యారంభింపవచ్చును.

రెండవది, చట్టము. ఫ్రాన్సున 1537లోనే అచ్చయిన ప్రతి గ్రంథము నొక ప్రతి రాజభాండాగారమున నిక్షేపింపవలెనని శాసించిరి. ఆ ధర్మమే కాలక్రమమున చలనచిత్రములకును వర్తించినది. మన దేశమున 1954నాటి చట్టముచేత గ్రంథములకా నియమమున్నది, చలనచిత్రమునకు లేదు. దేశమంతటికి చట్టము వచ్చువఱకు వేచియుండనేల? రాయితీ గాని, స్థలము గాని ప్రభుత్వమునుండి పొందు ప్రతి నిర్మాతయు మేలైన ప్రతి నొకదానిని నిక్షేపింపవలెనని రాష్ట్రప్రభుత్వము షరతు విధింపవచ్చును. ప్రజల సొమ్ము తినిన చిత్రము ప్రజలకు మిగులుట న్యాయమే.

మూడవది, ఏటేట నొక నటికి సింహావలోకనము. మిగిలినవి రెండే చిత్రములైన రెండే ప్రదర్శింపుడు. మిగులని చిత్రముల పేర్లను పలకపై వ్రాసి, ఆ వేళకు తెరను చీకటిగ నుంచుడు. పోయినదేమో ప్రేక్షకుల కప్పుడు తెలియును. కమలాబాయితో నారంభింపుడు. తోటరాముని తల్లిని చూపి, ఈమె యెవ్వరో చెప్పుడు.

నాలుగవది పాఠకుల చేతిలోని పని. మన యిండ్ల యటకలమీద, పాతపెట్టెలలో, సినీమాహాలు గుమ్మమున తాతలు కొన్న పాటలపుస్తకములు, గ్రామఫోను పలకలు, ప్రకటనపత్రములు ఇంకను గలవు. చిత్రము పోయినను దాని పాటలపుస్తకము మిగిలిన, కథ మిగులును, నటుల పేర్లు మిగులును. వానిని పాతకాగితములవానికి తూచి యమ్మకుడు. ఒకవేళ పాతఫిల్ముడబ్బాయే దొరకిన, దీపముచెంత మూత తెఱవకుడు, ఎండను బెట్టకుడు, తెలిసినవారికి కబురంపుడు.

ఇది యసాధ్యమను వారికి మన పఠనమందిరములనే చూపుదుము. 1914లో బెజవాడయందు గ్రంథాలయ ప్రతినిధులు తొలిసారి సమావేశమైననాడు వారివెనుక ప్రభుత్వము లేదు. 1935లో కొల్లూరు–పెదవడ్లపూడి కాలువమీద పడవనెక్కి పుస్తకములు పల్లెలకు ప్రయాణము చేసినవి. చందాలు అణాలలో వచ్చినవి. పుస్తకమును పడవపై మోసిన జాతి, చిత్రమును పెట్టెలో దాచలేదా?

ఈ పట్టణమునకు పట్టుదల యెట్టిదో దేశమెఱుగును. 1966లో ఉక్కుకర్మాగారముకొఱకు ఈ వీథులలో జనము ప్రాణములొడ్డినది. 1971లో శంకుస్థాపన జరిగినది. ఉక్కును సాధించినవారికి డబ్బాలోని పలుచని పొరను సాధించుట భారముకాదు. కాని, ఉక్కు తుప్పుపట్టినను కరగించి మరల పోతపోయవచ్చును. పోయిన చిత్రమును మరల పోతపోయు కొలిమి యీ లోకమున లేదు.

నటి తన వయసును, కంఠమును, కన్నీటిని మనకిచ్చినది. వెలయిచ్చి చూచితిమి గావున ఋణము తీఱినదని యనుకొనుట చెల్లదు. ముసిదోరాను తన కొలువున నిలుపుకొన్న దేశమును చూచి యసూయపడుటకంటె, కమలాబాయిని పోగొట్టుకొన్నందులకు సిగ్గుపడుట మేలు. సిగ్గు పని చేయించును. భానుమతిగారికి, కాంచనమాలకు, ఇంకను పేరెఱుగని వారికెందఱికో మన మీయవలసినది పూలదండ కాదు. వారు నడచిన త్రోవను చెదరిపోకుండ నుంచిన చాలును. మనుమలు మెడ త్రిప్పి చూచుకొందురు.